హామిష్ పక్కన కూర్చున్నవాడు

నేను ఖాళీ చేసిన కుర్చీలోకి శ్రుతి వచ్చింది. ఖమ్మం నుంచి ఇన్వర్‌కార్గిల్ పాలిటెక్నిక్‌కి చదువుకోవడానికి వచ్చి, ఇక్కడ డెయిరీ అని పిలిచే చిల్లర కొట్లో పాలూ బ్రెడ్డూ అమ్ముతూ చదువు గట్టెక్కించిన పిల్ల. ఇప్పుడు డునెడిన్‌లో, మా బడి పూర్వ విద్యార్థుల కార్యాలయంలో చేరింది. చేరిన రోజే నాకు ఫోన్ చేసి, "ఆంటీ, ఈడ అసలు పనేంది? అందరు చచ్చిపోయినోళ్ళ గురించే మాట్లాడుతున్నరు" అంది.

నవ్వొచ్చింది. ఫైళ్ళు ఎక్కడుంటాయో, పత్రిక ఎప్పుడు అచ్చుకు వెళ్ళాలో ఎవరైనా చెబుతారు. నేను అక్కడ ఇన్నేళ్ళూ చేసిన పని మాత్రం ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పేది కాదు. అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. తీరికకేం లోటు ఇప్పుడు!

కొండ మీద ఇంగ్లండు

మాది పాత ఇంగ్లీషు బడి. డునెడిన్ ఊరేమో స్కాట్లాండు వాళ్ళు కట్టుకున్నది. దాని నడిబొడ్డున, కొండ మీద, ఒక ఇంగ్లండు పెద్దమనిషి పట్టుదలకు పోయి, తాను చిన్నప్పుడు చదువుకున్న బడిని గుర్తు తెచ్చుకుని మళ్ళీ కట్టించాడట. రాతి మెట్లు, ఎత్తు కిటికీలు, పొడుగాటి హాలు, అన్నీ అక్కడివే. ఆ చలి కూడా అక్కడిదేనేమో, ఎన్ని హీటర్లు పెట్టినా ఆ గోడలు వెచ్చబడవు. కాకినాడలో పుట్టి, ఉక్కపోతలో పెరిగినదాన్ని, ఆ బడిలో రిటైరయ్యేదాకా శాలువా తీసింది లేదు.

నా గది మెట్లెక్కితే పైన, రేవు వైపు కిటికీతో ఉండేది. పొద్దున పూట సముద్రం మీంచి పొగమంచు పైకి పాకి వచ్చేది. కింద మైదానం కనబడేది కాదు, ఆడుకునే పిల్లల కేకలు మాత్రం వినబడేవి. గోడల నిండా పాత బ్యాచ్‌ల ఫొటోలు. టీ కప్పు పట్టుకుని ఆ ఫొటోల మధ్య నిలబడితే, ఆ కేకలు ఇవాళ్టి పిల్లలవో, ఈ ఫొటోల్లోని వాళ్ళవో నాకు తేల్చుకోబుద్ధయ్యేది కాదు. నా పేరు వేదవతి, వాళ్ళ నోట్లో అది "వీ" అయి కూర్చుంది. ఒక్కోసారి పొగమంచులోంచి ఎవరో "వీ!" అని పిలిచినట్టయ్యేది. పలికేదాన్ని కూడా. ఎవరూ ఉండేవారు కాదు.

బల్లజోడీ

శ్రుతీ, అందరూ చెప్పే పని ఇది: చదువుకుని వెళ్ళిన వాళ్ళు ఏమయ్యారో కనుక్కోవాలి, ఏటా వచ్చే పత్రికలో వాళ్ళ జీవితాల గురించి రాయాలి, ఎవరైనా పోతే నివాళి రాయాలి. అసలు పని వేరే ఉంది.

ఆ బడిలో ఒక ఆచారం ఉంది. చేరిన మొదటి రోజు ఇద్దరిద్దర్ని ఒక బల్లలో కూర్చోబెడతారు. బడి వదిలేదాకా ఆ జోడీ మారదు. కొట్టుకున్నా, తిట్టుకున్నా, అదే బల్ల, అదే పక్కవాడు. ఏటా వసంతంలో ఒక శనివారం పూర్వ విద్యార్థులంతా హాల్లో చేరతారు. హెడ్మాస్టరు బల్లల వారీగా పేర్లు పిలుస్తాడు. వచ్చినవాడు "ఉన్నాను" అంటాడు. రానివాడి పేరు పిలవరు. చనిపోయినవాడి పేరు మాత్రం ఏటా పిలుస్తారు, అతని తరఫున బల్లలో పక్కన కూర్చున్నవాడు లేచి "ఉన్నాడు" అంటాడు. పక్కవాడు రాకపోతే హాలంతా కాసేపు ఊరుకుంటుంది, తర్వాత ఇంకో పేరు. బతికున్నవాడికి రాకుండా ఉండే వీలుంది, పోయినవాడికి లేదు.

అందుకని ఎవరైనా పోయారని తెలిస్తే నేను మొదట ఇంటివాళ్ళకి కాదు, బల్లజోడీకి ఫోన్ చేసేదాన్ని. ఇంటివాళ్ళు పదవులు చెబుతారు. బల్లజోడీ మనిషిని చెబుతాడు. ఒకసారి పేరుమోసిన సర్జన్ ఒకాయన పోయారు. వాళ్ళబ్బాయి ఆయన సాధించినవన్నీ పేజీల కొద్దీ పంపాడు. బల్లజోడీకి ఫోన్ చేస్తే, ఆ ముసలాయన "సైన్సు క్లాసులో కప్పని కోయమంటే ఏడ్చేవాడు. వాడి కప్పని కూడా నేనే కోసేవాణ్ణి" అన్నాడు. నేను అదే రాశాను.

మా హెడ్మాస్టరు గ్రాహమ్ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "సర్జన్ గురించి కప్ప కథేమిటి వీ? పరువు పోతుంది" అన్నాడు. గ్రాహమ్ మంచివాడే, ఏమాటకామాటే చెప్పుకోవాలి. కానీ జడ్జీలూ, మంత్రులూ, రగ్బీ ఆటగాళ్ళూ తప్ప మిగతా వాళ్ళు ఆయన కంటికి ఆనేవారు కాదు. ఆ వారంలోనే సర్జన్ గారి భార్య ఫోన్ చేసింది. "పెద్ద ఆపరేషన్ ముందు ఆయన బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చేవాడు. నాకొక్కదానికే తెలుసనుకున్నాను" అంది. ఆ తర్వాత గ్రాహమ్ నా రాతల జోలికి రాలేదు.

మూడో వరస, చివరి కుర్చీ

ఇక నీకు చెప్పి తీరాల్సింది హామిష్, కిరణ్‌ల సంగతి.

కిరణ్ మా బడిలో చేరిన మొదటి తెలుగు పిల్లాడు. వాళ్ళమ్మ లలిత ఇక్కడి ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసేది. ఊళ్ళో అప్పట్లో తెలుగువాళ్ళం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందిమి, అంచేత నాకు బాగా తెలిసిన మనిషి. మొదటి రోజు కిరణ్ పక్కన కూర్చోబెట్టిన పిల్లాడు హామిష్. ఇన్వర్‌కార్గిల్ దగ్గర గొర్రెల ఫారం వాళ్ళది. ఒకడు పొట్టి, ఒకడు తాటిచెట్టు. ఒకడు మాంసం ముట్టడు, ఒకడికి అది లేనిదే ముద్ద దిగదు. ఆ ఇద్దరూ ఎలా కలిశారో గానీ, సెలవులొస్తే కిరణ్ ఇంటికి కాకుండా ఫారానికి పోయేవాడు. "నా కొడుకు నాకంటే గొర్రెల దగ్గరే ఎక్కువుంటున్నాడు వదినా" అని లలిత నాతో మొత్తుకునేది.

బడి అయ్యాక కిరణ్ ఆక్లండ్‌లో ఇంజనీరింగ్ చదివి అక్కడే ఉద్యోగంలో కుదురుకున్నాడు. లలిత వాళ్ళూ అక్కడికే మారిపోయారు. హామిష్ ఫారంలో ఉండిపోయాడు. ఇరవైల వయసులోనే, ఒక తడి ఉదయం, కొండ వాలు మీద నాలుగు చక్రాల క్వాడ్ బైక్ తిరగబడి పోయాడు.

ఆ వసంతం నుంచి వాళ్ళమ్మ మార్గరెట్ మా హాలుకి రావడం మొదలుపెట్టింది. అంత దూరం నుంచి తన పాత యూట్, అదే వెనక తొట్టి ఉండే ఫారం బండి, నడుపుకుంటూ వచ్చేది. మూడో వరసలో చివరి కుర్చీ. హామిష్ పేరు పిలిచేటప్పుడు ఆమె తల కొద్దిగా పక్కకి వంచి వినేది. హాలు ఊరుకునేది. ఎత్తు కిటికీల్లోంచి వెలుగు నేల మీద పడి ఉండేది. ఆ నిశ్శబ్దం ఎంతసేపుండేదో నాకు తెలీదు, కాలం కూడా మాతోపాటు ఆగి వింటున్నట్టుండేది. కిరణ్ వచ్చేవాడు కాదు. ఇంకో పేరు పిలిచేవారు. మార్గరెట్ టీతో పెట్టే చీజ్ రోల్ ఒకటి తిని, అందర్నీ పలకరించి, మళ్ళీ యూట్ ఎక్కేది. మరుసటి ఏడు మళ్ళీ వచ్చేది.

నేను ఏటా కిరణ్‌కి ఆహ్వానం పంపేదాన్ని. జవాబు వచ్చేది కాదు. గ్రాహమ్‌కి ఒక నియమం ఉండేది: "వాళ్ళ వెంటపడకూడదు వీ. రావాలనుకుంటే వస్తారు." మర్యాదైన మాటే. ఆ మర్యాద చాటున మేం చాలా పనులకి చేతులు దులుపుకున్నామని ఇప్పుడనిపిస్తుంది.

గ్రాహమ్ చేసిన మంచిపని

ఏళ్ళు గడిచేకొద్దీ ఆ నిశ్శబ్దం గ్రాహమ్‌కి భరించరానిదైంది. ఒక వసంతంలో నాతో చెప్పకుండా, ఆ బ్యాచ్‌లోనే రగ్బీ కెప్టెన్‌గా చేసినతన్ని పిలిచి, హామిష్ పేరు వచ్చినప్పుడు నువ్వు లేచి చెప్పు, ఆ తల్లికి కాస్త ఊరటగా ఉంటుంది అన్నాడు. జాలితో చేసిన పనే. మా బడివాళ్ళు తప్ప ప్రపంచంలో ఇంకెవరూ చేయలేని పొరపాటు కూడా.

పేరు పిలిచారు. వెనక నుంచి గంభీరంగా "ఉన్నాడు" అని వినబడింది.

మార్గరెట్ వంచిన తల ఎత్తింది. నెమ్మదిగా లేచి నిలబడి వెనక్కి తిరిగింది. "థాంక్యూ బాబూ. కానీ మావాడి పక్కన కూర్చున్నది నువ్వు కాదు" అంది. తర్వాత గ్రాహమ్ వైపు చూసి, "ఖాళీగా ఉంటే ఖాళీగానే ఉండనివ్వండి. దాంట్లో ఎవర్నో పెట్టకండి" అంది. గ్రాహమ్ మొహం కందగడ్డ అయిపోయింది. నాకు ఆయన మీద జాలేసింది, కోపమూ వచ్చింది.

ఆ రోజు ఆమె చీజ్ రోల్ ముట్టుకోలేదు. యూట్ దాకా నేను కూడా వెళ్ళాను. తలుపు తెరిచి పట్టుకుని, ఎక్కకుండా నిలబడింది.

"కిరణ్ మా ఇంట్లో గొర్రెపిల్లలకి సీసాతో పాలు పట్టేవాడు వీ. ఒక్కో పిల్లకీ ఒక్కో పేరు పెట్టేవాడు, మీ భాషలో. హామిష్ ఆ పేర్లతోనే పిలిచేవాడు, నోరు తిరక్కపోయినా."

"అంత్యక్రియలకి రాలేదు కదూ" అన్నాను.

"ఫోన్ చేశాడు. ఆఫీసులో సెలవివ్వలేదన్నాడు. శవపెట్టెకి ఒక పక్క పట్టుకోవడానికి వాడి కోసం చోటు ఉంచాను." మళ్ళీ అంది: "నాకు ఇద్దరు కొడుకులనుకునేదాన్ని. ఒకడు పోయాడు, వాడెక్కడున్నాడో నాకు తెలుసు. రెండోవాడు ఏమయ్యాడో తెలియడం లేదు."

 

ఫ్లాట్ బుష్

నేను ఉద్యోగం దిగిపోవాల్సిన ఏడు వచ్చింది. శీతాకాలం చివర్లో మార్గరెట్ ఫోన్ చేసింది. గుండె బలహీనపడిందట, ఫారం అమ్మేసి ఇన్వర్‌కార్గిల్‌లో వృద్ధుల ఆశ్రమానికి మారిందట. "ఈ వసంతానికి రాలేను వీ. నా బదులు నువ్వు విను" అంది.

ఏముందని వినను? ఆ ఖాళీని వినాలా? ఫోన్ పెట్టేశాక కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. పొగమంచు దట్టంగా ఉంది. గ్రాహమ్ నియమం గ్రాహమ్ దగ్గరే ఉంచుకోమని, ఆక్లండ్‌కి టికెట్ కొనుక్కున్నాను.

ఆక్లండ్ శివారు ఫ్లాట్ బుష్‌లో అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండే కొత్త ఇళ్ళు. తలుపు తీసింది లలిత. "అయ్యో వదినా! చెప్పాపెట్టకుండా ఇదేమిటి?" అని కావిలించుకుంది. కోడలు పిల్లల్ని ఈతకి తీసుకెళ్ళిందట. కిరణ్ మేడ మీంచి దిగి నన్ను చూసి, మెట్ల మధ్యలోనే ఆగిపోయాడు. చెంపల దగ్గర నెరిసింది. నా కళ్ళకి మాత్రం టై సరిగ్గా కట్టుకోలేని పిల్లాడే కనబడ్డాడు.

"హామిష్ గురించే కదా ఆంటీ" అన్నాడు.

"మార్గరెట్ గురించి" అన్నాను. జరిగింది చెప్పాను.

అతను సోఫా అంచున కూర్చున్నాడు. "నా వల్ల కాదు ఆంటీ. పోయినవాణ్ణి ఉన్నాడనడం కష్టమని కాదు. వాడు ఉన్నాడనే నాకెప్పుడూ అనిపిస్తుంది. బట్, ఆవిడ నన్ను చూస్తుంది కదా. సెలవివ్వలేదని అబద్ధం చెప్పాను. 'ఫర్వాలేదు నాన్నా, ఉద్యోగం జాగ్రత్త' అంది ఆవిడ. ఆ మాట తర్వాత మళ్ళీ ఎలా ఫోన్ చేస్తాను?"

"అబద్ధం ఎందుకు చెప్పావురా?"

అతనికి బదులు లలిత మాట్లాడింది.

"నేనే వద్దన్నాను వదినా. పెళ్ళికి పసుపు దంచేశాం. ఈ గరాజ్‌లోనే, ముత్తయిదువుల్ని పిలిచి, రోకలికి మామిడాకు దొరక్క ఏదో ఆకు కట్టి దంచాం. మర్నాడే ఈ కబురు. పసుపు దంచాక పెళ్ళికొడుకు శవం దగ్గరికి వెళ్తాడా? మొయ్యడమా? వీల్లేదన్నాను. వెళితే నా శవం చూస్తావన్నాను." పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆవిడకి ఇవన్నీ ఏం అర్థమవుతాయి, సెలవు దొరకలేదని చెప్పెయ్యమన్నాను. ఆవిడ కొడుకుని పోగొట్టుకుంటే, నేను నా కొడుకుని దాచుకున్నాను."

ఆమెని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. నా కొడుకైతే నేనూ అదే చేసి ఉండేదాన్నేమో. ఆ భయం ఎలాంటిదో మా బడిలో నాకొక్కదానికే తెలుసు. మార్గరెట్ ఇన్నేళ్ళూ మూడో వరసలో కూర్చుని విన్నది మా గరాజుల్లో పుట్టిన నిశ్శబ్దమే. అది ఆమెకి చెప్పగలిగిన మనిషి ఆ హాల్లో నేను తప్ప ఇంకెవరూ లేరు.

"హాలుకి వద్దులే" అన్నాను కిరణ్‌తో. "అక్కడ ఇప్పుడు ఆవిడ ఉండదు. ఇన్వర్‌కార్గిల్ పోదాం పద."

కిరణ్ వాళ్ళమ్మ వైపు చూశాడు. లలిత కళ్ళు తుడుచుకుని, "వెళ్ళరా" అంది. "అమ్మ ఆపిందని చెప్పు. నా పేరే చెప్పు."

ఇన్వర్‌కార్గిల్

డునెడిన్ దాకా విమానం, అక్కడి నుంచి కారు. కిరణ్ డ్రైవ్ చేస్తున్నాడు. రోడ్డుకి రెండు వైపులా ఆ ఏడు పుట్టిన గొర్రెపిల్లలు తల్లుల వెనక తడబడుతున్నాయి. సన్నటి వాన పడుతోంది, పడుతూనే ఎండ కాస్తోంది. కొండలు ఒకదాని వెనక ఒకటి తేలిపోతున్నట్టుగా కదులుతున్నాయి. ఒక మలుపు దగ్గర అతను బండి నెమ్మది చేసి, కిటికీ దించి, గాలి పీల్చాడు. "తడి ఉన్ని వాసన" అన్నాడు. నాకు ఏ వాసనా రాలేదు. అతని మొహంలో మాత్రం పదమూడేళ్ళ వయసు ఒక్క క్షణం కనబడి పోయింది.

ఊరు దగ్గరపడ్డాక అడిగాడు: "ఏం చెప్పాలి ఆంటీ?"

"జరిగింది చెప్పు. చెప్పలేకపోతే నేనున్నాను."

మార్గరెట్ గది చిన్నది, బాగా వెచ్చగా ఉంది. ఆమె మంచం అంచున కూర్చుని ఉంది. చాలా చిక్కిపోయింది. కిరణ్ గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె అతన్ని చూసింది గానీ పలకరించలేదు. అతను గుమ్మంలోంచే, ఆగి ఆగి, అంతా చెప్పాడు. సెలవు సంగతి అబద్ధమన్నాడు. పెళ్ళి దగ్గర ఆగిపోయాడు. పసుపు సంగతి ఇంగ్లీషులో ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు, నేనందుకున్నాను. శుభకార్యం మొదలుపెట్టాక చావు ఇంటి గడప తొక్కితే ఆ చావు పెళ్ళికొడుకు వెంట వస్తుందని మా భయమని చెప్పాను. వాళ్ళమ్మ ఆపిందని చెప్పాను.



"పెళ్ళా?" అంది మార్గరెట్.

"అవును" అన్నాడు కిరణ్.

"పెళ్ళని చెప్పలేదేం? చెబితే నేను వద్దనేదాన్నా? మీ అమ్మ కంటే ముందు నేనే వద్దనేదాన్ని." కిటికీ వైపు చూసింది. "నాకు నీ మీద కోపం వచ్చింది కిరణ్. చాలా ఏళ్ళు వచ్చింది. హామిష్ సంగతి నువ్వు మర్చిపోయావనుకున్నాను."

అతను తల అడ్డంగా ఊపాడు.

"పేరు పిలువు వీ" అంది ఆమె, నా వైపు తిరిగి.

అది హెడ్మాస్టరు పని. నేనెప్పుడూ పిలిచి ఎరగను. శాలువా సర్దుకుని నిటారుగా నిలబడి, హాల్లో ఎలా పిలుస్తారో అలాగే, హామిష్ పేరు ఇంటిపేరుతో సహా పిలిచాను. మార్గరెట్ తల కొద్దిగా పక్కకి వంచింది.

"ఉన్నాడు" అన్నాడు కిరణ్.

ఆమె కళ్ళు మూసుకుంది. నా పని అయిపోయిందనుకుని కూర్చోబోయాను. ఆమె కళ్ళు తెరవకుండానే, "ఆపేశావేం? బల్లలో ఇద్దరు కదా" అంది.

నిజమే, వచ్చినవాడి పేరు పిలవాలి. కిరణ్ పేరు పిలిచాను.

అతను నోరు తెరిచాడు.  రెండు చేతుల్లో మొహం దాచుకుని, గోడకి ఆనుకుని ఏడుస్తున్నాడు. హాల్లో ఎంతసేపు ఆగుతారో అంతసేపూ ఆగాను. ఇంకా ఆగాను.

మార్గరెట్ మంచం మీద కొంచెం పక్కకి జరిగింది. జరిగిన చోట చేత్తో తట్టింది.

"ఉన్నాడు" అంది.